ఎమ్మెల్యే గారి సోషల్ మీడియా చూసుకోమంటున్నారు, చేరవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీది నాగర్‌కర్నూల్ వైపు ఊరు, డిగ్రీ పూర్తయింది, ఫోటోలు తీయడం, వీడియోలు ఎడిట్ చేయడం వచ్చు. మీ ఎమ్మెల్యే గారి క్యాంపు కార్యాలయం నుంచి పిలిచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ గ్రూపులు చూసుకోమన్నారు. నెలకు 15 వేలు ఇస్తామన్నారు. చేరవచ్చా, రోజూ ఏ పని ఉంటుంది, పార్టీ ముద్ర పడితే రేపు ఇంకొకరు ఉద్యోగం ఇస్తారా అని అడిగారు.

చేరండి. అయితే ఒక షరతు పెట్టుకొని చేరండి. పేజీ కింద జనం రాసే వ్యాఖ్యలకు జవాబు చెప్పే బాధ్యత మీకు ఇవ్వాలి, ఆ జవాబు రాబట్టడానికి పీఏ గారితోనూ అధికారులతోనూ నేరుగా మాట్లాడే వీలు ఉండాలి. "కార్యక్రమాల ఫోటోలు పెడితే చాలు, మిగతావి నీకెందుకు" అంటే మాత్రం ఆలోచించుకోండి. ఆ పని ఫోను ఉన్న ఎవరైనా చేస్తారు. మీరు నేర్చుకునేదీ ఉండదు, ఎమ్మెల్యే గారికి ఒరిగేదీ ఉండదు.

నేను నల్గొండలో తొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మొదట ఒక మున్సిపల్ చైర్‌పర్సన్ దగ్గర, తరువాత ఒక ఎమ్మెల్యే దగ్గర. పేర్లు చెప్పను, చెప్పకూడదు కూడా.

ఈ పని అంటే ప్రచారం అని అందరూ అనుకుంటారు. మీరు ఒకరోజు తెల్లవారి ఆరు గంటలకు ఏ ఎమ్మెల్యే ఇంటి ముందైనా నిలబడి చూడండి. పాలిథిన్ సంచిలో పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సులు, ఆసుపత్రి బిల్లులు పెట్టుకొని కూర్చున్నవాళ్లు పది పదిహేను మంది ఉంటారు. పేజీ కూడా అలాంటి ముంగిలే. కాకపోతే అక్కడికి రాలేనివాళ్లు ఇక్కడికి వస్తారు. మక్తల్, నారాయణపేట వైపు నుంచి ముంబయి, పుణెలకు కూలికి పోయినవాళ్లు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకొని పరీక్షలకు చదువుతున్న పిల్లలు, ముసలి అత్తమామలను వదిలి ఇల్లు కదలలేని ఆడవాళ్లు. వీళ్లు రాత్రి ఎనిమిది దాటాక ఫోను పట్టుకుంటారు. ఊళ్లో తల్లికి పింఛను ఆగిందనో, ఇందిరమ్మ ఇంటి బిల్లు రాలేదనో రాస్తారు. ముంగిట్లో కూర్చున్న మనిషికి మంచినీళ్లయినా ఇచ్చి "ఏ ఊరు" అని అడుగుతాం కదా. ఇక్కడ ఆ అడిగేది మీరే.

నాకు ఈ సంగతి తెలిసివచ్చింది నేను ఎమ్మెల్యే గారి దగ్గర చేరిన రెండో వేసవిలో. మా ఎమ్మెల్యే ఒక పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసిన ఫోటో పెట్టాను. కింద రెండు వందలకు పైగా వ్యాఖ్యలు, అన్నీ "జై అన్న", చేతులు జోడించిన బొమ్మలు. మధ్యలో ఒకటి: "సార్, మా తండాకు నాలుగు రోజుల నుంచి నీళ్లు లేవు." దేవరకొండ వైపు తండా. కార్యకర్తల గ్రూపులో వెంటనే ఒకరు, "పెళ్లి ఫోటో కింద ఇదేమిటి, తీసేయ్" అని రాశారు. అప్పటిదాకా అలాంటివి తీసేయడమే అలవాటు. ఆ రోజు ఎందుకో నాకు మనసొప్పలేదు. ఆ అబ్బాయికి సందేశం పెట్టాను. హైదరాబాద్‌లో కారు డ్రైవరు. తల్లి ఒక్కతే తండాలో ఉంటుంది, కిలోమీటరు దూరంలో ఉన్న వ్యవసాయ బోరు నుంచి బిందెలు మోసుకొస్తోంది.

తండా వార్డు సభ్యుడికి ఫోను చేస్తే అసలు సంగతి బయటపడింది. రోడ్డు వెడల్పు చేసే యంత్రం కల్వర్టు దగ్గర పైపును పగలగొట్టింది. గుత్తేదారు మనుషులు నీళ్లవాళ్లు చూసుకుంటారన్నారు, నీళ్లవాళ్లు పగలగొట్టినవాళ్లే బాగుచేయాలన్నారు. పీఏ గారు ఇద్దరినీ ఒకే ఫోను కాల్‌లో కలిపి మాట్లాడించారు. రెండో రోజు సాయంత్రానికి పైపు అతికించారు. నేను ఆ అబ్బాయిని కృతజ్ఞతల వీడియో అడగలేదు. "నీళ్లు ఎంతసేపు వస్తున్నాయో అమ్మను అడిగి చెప్పు" అన్నాను. ఇరవై నిమిషాలు, అదీ సన్నటి ధార అన్నాడు. మళ్లీ వెతికితే వాల్వు దగ్గర మట్టి నిండింది. అదీ తీయించాక, అదే పెళ్లి ఫోటో కింద, అదే వ్యాఖ్యకు జవాబుగా నాలుగు వాక్యాలు రాశాను: ఏది పగిలింది, ఏ తేదీన అతికించారు, రోజుకు ఎంతసేపు నీళ్లు వదులుతారు, మళ్లీ ఆగితే ఎవరికి ఫోను చేయాలి. వేరే పోస్టరు వేయలేదు.

వారం తిరగకుండా ఆ ఫోటో కింద ఇంకో పదకొండు ఊళ్లు, తండాల వాళ్లు తమ నీళ్ల కష్టం రాశారు. మా కార్యకర్తలు కంగారుపడ్డారు, పేజీ పరువు పోయిందన్నారు. ఎమ్మెల్యే గారు మాత్రం ఆ పదకొండూ కాగితం మీద రాయించుకొని మండల సర్వసభ్య సమావేశానికి తీసుకెళ్లారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగిన రోజు అది.

అప్పటి నుంచి ఒక రిజిస్టరు పెట్టాను. మొదట పొడవాటి నోటుపుస్తకం, ఇప్పుడు కంప్యూటర్‌లో షీటు. తేదీ, ఊరు, మనిషి, సమస్య, ఎవరికి చెప్పాం, ఏమైంది. చివరి గడి "తిరిగి చెప్పామా". ఆ చివరి గడి ఖాళీగా ఉంటే పని అయినా కానట్టే లెక్క. కాని పనిని కూడా "ఇది కాదు, ఈ కారణం వల్ల కాదు" అని చెప్పి నింపాలి. భూమి కేసు కోర్టులో ఉంటే ఎమ్మెల్యే ఏమీ చేయలేరు, ఆ మాట సూటిగా చెప్పాలి. భూమి రికార్డుల పోర్టల్ భూభారతిలో దరఖాస్తు పెట్టుకోవాల్సిన విషయమైతే తహసీల్దారు దగ్గర ఏ పని, ఆర్డీవో దగ్గర ఏ పని అన్నది చెప్పాలి. కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోవాల్సినదైతే ఏ కాగితాలు పట్టుకెళ్లాలో రాయాలి. దీనికోసం మీరు కొంత పాలన నేర్చుకోక తప్పదు. వీడియో ఎడిటింగ్ కన్నా ఇదే ఎక్కువ కాలం పడుతుంది.

నీళ్ల గురించి రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన మనుషులు ఇంకా కళ్లముందు తిరుగుతున్నారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ ఆ బోరు నీళ్లలో ఎన్నో రెట్లు ఉండేది. అక్కడ "తాగునీరు పునరుద్ధరణ" అని రాస్తే "కృష్ణా నీళ్లా, బోరు నీళ్లా" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రాసే ముందే మీరు అడిగి తెలుసుకోవాలి.

ఇక రోజువారీ పని. ఉదయం పేపర్లలో జిల్లా పేజీలు చూడటం, మీ నియోజకవర్గం వార్తలు ఫోటో తీసి పీఏకు పంపడం. పర్యటనలో వెంట ఉండటం. సాయంత్రం ఐదు లోపు విలేకరుల గ్రూపులో ప్రెస్ నోట్ వేయడం, అది దాటితే జిల్లా పేజీలో చోటు దొరకడం కష్టం. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య పేజీలో పోస్టు. ఆ తరువాత వ్యాఖ్యలు.

ప్రెస్ నోట్‌ను ఉన్నదున్నట్టు పేజీలో పెట్టకండి. "గౌరవనీయులు, ప్రజల గుండెల్లో కొలువైన, అభివృద్ధి ప్రదాత..." అంటూ సగం పేజీ బిరుదులే ఉంటాయి. చదివేవాడికి కావాల్సింది "మా ఊరి రోడ్డు ఎప్పుడు మొదలవుతుంది" అన్నది. నేను మొదటి వాక్యంలోనే ఊరి పేరు, పని పేరు, ఎంత డబ్బు, ఎప్పటికి పూర్తి కావాలి అన్నవి రాస్తాను. శంకుస్థాపన ఫోటోలో కొబ్బరికాయ కొట్టే చేతులు అందరూ తీస్తారు. పక్కన ఉన్న శిలాఫలకం మీది అక్షరాలు కూడా చదవగలిగేలా ఒకటి తీసి పెట్టుకోండి. రెండేళ్ల తరువాత "ఆ రోడ్డు ఏమైంది" అని ఎవరైనా అడిగితే అదే మీకు ఆధారం.

ఇంకో మాట, చిన్నదే కానీ ముఖ్యం. మన దగ్గర ఫ్లెక్సీలు, కరపత్రాలు చేసే డీటీపీ వాళ్లు చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలో కొడతారు. ఆ అక్షరాలు వాట్సాప్‌లో పెడితే గజిబిజిగా కనిపిస్తాయి, అందుకని బొమ్మగా మార్చి పెడతారు. బొమ్మలోని ఊరి పేరు తరువాత ఎంత వెతికినా దొరకదు, చూపు లేనివాళ్ల ఫోను దాన్ని చదివి వినిపించలేదు. సమాచారం ఎప్పుడూ అన్ని ఫోన్లలోనూ సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో, అక్షరాలుగా ఉండాలి. పోస్టరు కావాలంటే దానికి తోడుగా పెట్టండి.

వాట్సాప్ విషయానికి వస్తే, మండలానికొక గ్రూపు పెట్టి వెయ్యి మందిని చేర్చడం గొప్ప అనుకుంటారు. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఆడవాళ్లకు రాత్రిపూట తెలియని నంబర్ల నుంచి సందేశాలు వచ్చి ముగ్గురు నలుగురు మా గ్రూపు నుంచి మౌనంగా వెళ్లిపోయారు. అడిగితే తప్ప కారణం చెప్పలేదు. 2023లో వాట్సాప్ చానళ్లు వచ్చాక సమాచారమంతా చానల్‌కు మార్చాం. అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనిపించదు. బ్రాడ్‌కాస్ట్ జాబితా కూడా వాడవచ్చు కానీ దానిలో 256 మందికే అవకాశం, అదీ మీ నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే చేరుతుంది.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. మీరు చేయకూడదనే చెప్తున్నాను.

ముఖ్యమంత్రి సహాయ నిధి చెక్కుల పంపిణీ. క్యాంపు కార్యాలయంలో వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరికీ చెక్కు ఇస్తుంటే ఫోటోలు. ఒక నడివయసు ఆవిడ, పక్కన ఇరవై ఏళ్ల కూతురు. చెక్కు కెమెరా వైపు తిప్పి పట్టుకోమన్నాను. ప్రెస్ నోట్‌లో పేరు, ఊరు, ఏ జబ్బుకు వైద్యం, ఎంత మొత్తం, అన్నీ వివరంగా రాశాను. వివరంగా రాయడమే మంచి పని అనుకున్నాను. పది రోజులకు ఆవిడ మళ్లీ వచ్చింది. గొడవ పెట్టుకోలేదు. గుమ్మం పక్కన నిలబడి, "ఆ ఫోటో తీసేస్తారా బాబూ" అని మాత్రం అడిగింది. ఆ జబ్బు కూతురిది. మాట్లాడుకుంటున్న సంబంధం వాళ్లు ఫోటో చూసి వెనక్కి తగ్గారు. నేను వెంటనే తీసేశాను కానీ అప్పటికే అది నాలుగు గ్రూపుల్లో తిరుగుతోంది. పేపరులో అచ్చయినదాన్ని ఎవరు తీయగలరు?

ఆ తరువాత మా దగ్గర పద్ధతి మారింది. జబ్బు పేరు రాయం. చెక్కు ముందువైపు కనిపించనివ్వం. ఫోటో వద్దన్నవాళ్లకు చెక్కు ముందు ఇచ్చి పంపిస్తాం, ఆ తరువాతే కెమెరా బయటికి వస్తుంది. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి చెక్కులకూ ఇదే పద్ధతి. 1,00,116 రూపాయల చెక్కు పట్టుకున్న తల్లి ఫోటో వేయడం సరే, ఆధార్ కాగితాలు చేతిలో తెరిచి ఉంటే వేయకూడదు. ఫోటో తీసినవాడికి అవి కనిపించవు, పెద్దది చేసి చూసే మోసగాడికి కనిపిస్తాయి. దరఖాస్తుల మీద వచ్చిన ఫోను నంబర్లనూ ప్రచారానికి వాడకండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశమూ అదే, ఒక పనికి ఇచ్చిన వివరాన్ని ఆ పనికే వాడాలి.

పరామర్శల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. లైంగిక దాడి జరిగిన ఇంటికి నాయకులు వెళ్తారు, వెళ్లాలి కూడా. మీరు మాత్రం కెమెరా తీయకండి. బాధితురాలి వివరాలు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం, బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం సెక్షన్ 23 కింద నేరం. మొహం మసకచేసినా ఇంటి గుమ్మం, వీధి, తండ్రి మొహం కనిపిస్తే ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. అలాంటి రోజు పేజీలో నేను ఫోటో లేకుండా రెండు వాక్యాలు మాత్రమే రాస్తాను. "ఫోటో ఏది" అని కార్యకర్తలు అడుగుతారు. ఇవ్వలేనని చెప్పడం మీ ఉద్యోగంలో భాగం.

వదంతుల రాత్రులు వస్తాయి. మూడేళ్ల కింద వానాకాలంలో రాత్రి పదిన్నరకు ఒక పెద్ద చెరువు కట్ట తెగిందని వీడియో వచ్చింది. అరగంటలో నాకే ఇరవై మంది పంపారు. వాట్సాప్‌లో ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపగలరు, ఆ నియమం 2020 నుంచి ఉంది. జనం దాన్ని డౌన్‌లోడ్ చేసుకొని కొత్తగా పంపుతారు, నియమం వమ్మవుతుంది. నేను ముందు ఖండన రాయలేదు. నిజంగా తెగి ఉంటే? ఊళ్లో మాకు తెలిసిన వ్యక్తిని కట్ట మీదికి వెళ్లమన్నాను. ఆయన టార్చిలైటు వేసి, తన పేరు, ఊరు, టైము చెప్తూ, వెనుక తూము కనిపించేలా ముప్పై సెకన్ల వీడియో తీసి పంపారు. అది పెట్టి, కింద "మత్తడి దూకుతోంది, కట్ట గట్టిగా ఉంది, వాగు దాటకండి" అని రాశాం. దానితో పాటు ఎమ్మెల్యే గారి గొంతులో ఒక ఆడియో. చదువురాని పెద్దవాళ్లకు ఆ ఆడియోనే చేరింది. ఊరి మనిషి గొంతు, ఊరి తూము కనిపిస్తే జనం నమ్ముతారు. "ఈ వార్త అబద్ధం" అని ఎర్ర ముద్ర వేసిన పోస్టరును ఎవరూ నమ్మరు.

ఎన్నికల కాలం వేరే లోకం. షెడ్యూలు ప్రకటించిన రోజే మీ పని తీరు మారిపోవాలి. అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో తన సోషల్ మీడియా ఖాతాలు చెప్పాలి. సోషల్ మీడియాలో డబ్బు కట్టి వేసే ప్రతి ప్రకటనకూ మీడియా ధ్రువీకరణ కమిటీ ముందస్తు అనుమతి కావాలి. మన దగ్గర అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఖాతాలు నడిపే బృందం జీతాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి, అంటే మీ జీతం కూడా. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారం బంద్. నకిలీ గొంతు, నకిలీ వీడియోలు తమ దృష్టికి వచ్చిన 3 గంటల్లో తీసేయాలని 2024 మే 6న ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం నడుపుతుంది, వాటికి వేరే నియమావళి వస్తుంది. "మనది కాదు కదా" అని చెక్కుల ఫోటోలు పెట్టేస్తే నోటీసు వస్తుంది.

దొంగ ఖాతాలు తెరిచి ఎదుటి పార్టీ వాళ్లను తిట్టమని ఎవరో ఒకరు అడుగుతారు. ఎమ్మెల్యే అడగకపోవచ్చు, పక్కనున్న ఉత్సాహవంతులు అడుగుతారు. చేయకండి. కేసు అయితే ఫోను ఎవరిదో వాళ్లనే పిలుస్తారు, ఆ రోజు ఉత్సాహవంతులు కనిపించరు. అలాగే విమర్శించినవాడి మీద కేసు పెట్టించమని కూడా ఒత్తిడి వస్తుంది. విమర్శ నేరం కాదు. ఆన్‌లైన్ రాతలకు అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టివేసింది. బూతులు, బెదిరింపులు తప్ప నేను ఏ వ్యాఖ్యనూ తీయను. ఆ తండా నీళ్ల సంగతి తరువాతే ఈ నియమం ఎమ్మెల్యే గారితో ఒప్పించుకున్నాను.

పేజీలు ఎవరి పేరు మీద ఉన్నాయో ముందే చూసుకోండి. నాకన్నా ముందు పనిచేసినతను తన సొంత ఖాతాతో పేజీ తెరిచి, గొడవపడి వెళ్లిపోయాడు. పేజీ అతనితోనే పోయింది, మేము సున్నా నుంచి మొదలుపెట్టాం. పేజీకి ఇద్దరు అడ్మిన్లు ఉండాలి, నంబరు కార్యాలయం పేరు మీద తీసుకోవాలి, రెండంచెల ధ్రువీకరణ పెట్టాలి. మీరు మానేసే రోజు అన్నీ కాగితం మీద అప్పగించి సంతకం తీసుకోండి.

ఇక మీ అసలు భయం, పార్టీ ముద్ర. పడుతుంది. కాదనను. ఊళ్లో మిమ్మల్ని "ఫలానా వాళ్ల మనిషి" అంటారు. కానీ మీరు వేదిక మీద కండువా కప్పుకుంటారా లేదా అన్నది మీ చేతిలో ఉంది. నేను కప్పుకోలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఉమ్మడి పాలమూరులో 14, ఉమ్మడి నల్గొండలో 12 నియోజకవర్గాలున్నాయి. ఎంపీలు, మున్సిపాలిటీలు వేరే. ఈ పని నిజంగా తెలిసినవాళ్లు వీటన్నిటిలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. నా దగ్గర నేర్చుకున్న ఇద్దరిలో ఒకరు ఇప్పుడు హైదరాబాద్‌లో ఆసుపత్రి సమాచార విభాగంలో ఉన్నారు. ఇంటర్వ్యూలో వాళ్లకు చూపించింది ఎమ్మెల్యేతో దిగిన ఫోటోలు కావు, పేర్లు చెరిపేసిన ఆ రిజిస్టరు షీటు.

జీతం మీద ఒక మాట. ఇది ప్రభుత్వ ఉద్యోగం కాదు, నాయకుడు ఓడితే ఆ మర్నాటి నుంచి జీతం ఉంటుందన్న హామీ లేదు. 15 వేలు తక్కువే. పెట్రోలు, ఫోను రీచార్జి వేరుగా అడగండి, నెలలో ఏ తేదీన ఇస్తారో అడగండి. పెళ్లిళ్ల కాలంలో రోజుకు పది శుభకార్యాలు, రెండు దశదినకర్మలు తిరగాల్సి వస్తుంది. వారంలో ఒక పూట సెలవు కావాలని ముందే చెప్పండి. తరువాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

చేరే ముందు ఒక ఉదయం క్యాంపు కార్యాలయానికి వెళ్లి, పీఏ గారి పక్కన రెండు గంటలు కూర్చోనివ్వమని అడగండి. దరఖాస్తులు తీసుకున్నాక వాటిని ఏమి చేస్తున్నారో గమనించండి. ఎక్కడో రాసుకుంటున్నారా, సంచిలో పడేస్తున్నారా? రాసుకుంటుంటే ఆ పుస్తకంలో నెల కిందటి పేజీ ఒకటి తిప్పి చూపించమనండి. చూసి వచ్చాక ఇక్కడ రాయండి, ఆ పేజీలో ఏముందో దాన్నిబట్టి మిగతాది మాట్లాడుకుందాం.